సదరు స్థలంలో అలుగు ఉన్నది

పలకలమిట్ట,
జనవరి 22.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (రిటైర్డ్) శ్రీ కరుణాకరం గారి సముఖమునకు,

పలకల వ్యాపారి (అదీ రిటైర్డే) పుల్లారావు నమస్కరించి రాయునది.

పదహారేళ్ళ తర్వాత నా దస్తూరీ చూస్తే కవరు చింపకుండానే పక్కన పడేస్తారేమోనని పైన చిరునామా మా ఆవిడ జయలక్ష్మి చేత రాయించాను. ఇంతవరకు చదివారంటే ఉపాయం పారినట్టే. ఫోను చేయకూడదా అంటారేమో. దొనకొండ స్టేషనులో రైలు కూత పెట్టినా తమరు తలెత్తడం లేదని విన్నాను. ఎవరి దగ్గర విన్నావని అడగవద్దు. చెప్పను.

విషయానికి వచ్చేముందు ఒక చిన్న మాట. నేను ఏడో తరగతిలో బడి మానేసిన సంగతి తమకు తెలుసు. పక్క బెంచీ తమరిదే. బడి మానేసినా రాయడం మానలేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ పలక మీద బలపం ఎట్లా ఆడుతుందో చూపించాలి కాబట్టి ఏదో ఒక మాట రాసేవాణ్ణి, తుడిచేవాణ్ణి. అట్లా నలభై ఏళ్ళు రాసి తుడిచాను. నా చదువంతా అదే. తమరు కూడా సుమారు అన్నేళ్ళే రాశారు, కానీ తుడవలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మన పార్కు గుర్తుందా? సగం గుర్తున్నా చాలు, ఎందుకంటే సగమే మిగిలింది. పదహారేళ్ళ కింద మే నెల ఎండలో తమరు జీపులో వచ్చి గేటు దగ్గర ఆగారు. 'సదరు స్థలం ఖాళీగా ఉన్నది' అని రిపోర్టు రాసి పోయారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని పడమటి సగంలో కల్యాణ మండపం లేపారు. నేను టీ బంకు దగ్గర నలుగురిలో తమర్ని అనకూడని మాట అన్నాను. తమరు అలిగారు. తమరు అలిగారని నేనూ అలిగాను.

ఇప్పుడు తూర్పు సగానికి వచ్చింది. పదహారు దుకాణాల కాంప్లెక్స్ కడతామని పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. మార్చి నెలాఖరులోపు అభ్యంతరాలు చెప్పుకోవచ్చునట. సర్పంచ్ కోటి మంచివాడే, నన్ను పెదనాయనా అంటాడు. పోయి అడిగాను.

"పార్కులో ఏముంది చెప్పు పెదనాయనా? నాలుగు కానుగ చెట్లు, ఐదు చెదపుట్టలు. కాంప్లెక్స్ వస్తే నీకూ ఒక రూము ఇస్తాలే. పలకలు పెట్టుకో."

"పలకలు కొనేవాళ్ళుంటే నా దుకాణమే ఉండేది కదా నాయనా," అన్నాను.

నా బాధ దుకాణం కాదు. పోయిన సంవత్సరం జయలక్ష్మికి ఎడమ పక్క పడిపోయింది. పొద్దున, సాయంత్రం మట్టి నేల మీద నడిపించమన్నాడు మార్కాపురం డాక్టరు. ఇంట్లో నాలుగడుగులు వేస్తే గోడ. వీధిలో ఆటోలు. మిద్దె మీదికి మెట్లు. మిగిలింది పార్కు. గేటు నుంచి మొదటి కానుగ చెట్టు దాకా పోవడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు మూడో చెట్టు దాకా పోతోంది. నాలుగో చెట్టు అవతల, అమ్ముడుపోని పలకరాళ్ళు పేర్చి నేను కట్టించిన అరుగు ఒకటి ఉంది. ఆ అరుగు మీద కూర్చునేదాకా ఊరుకోనని పట్టు పట్టింది. పార్కు పోతే ఆమె మళ్ళీ మంచానికి పోతుంది. అక్కణ్ణుంచి లేవదు. డాక్టరు చెప్పనవసరం లేదు, నాకే తెలుసు.

నాకు కథలు చెప్పడం వచ్చు, అర్జీ రాయడం రాదు. తమరి కలంతో సగం పోయింది. మిగతా సగం ఆ కలంతోనే నిలబెట్టండి.

ఇట్లు
పుల్లారావు


దొనకొండ,
ఫిబ్రవరి 1.

విషయం: పలకలమిట్ట పార్కు స్థలం – అభ్యంతరము – గురించి.
సూచిక: తమరి ఉత్తరం, తేది జనవరి 22.

పుల్లారావు గారికి,

పై సూచికలోని ఉత్తరం అందినది. అందులో విషయం నాలుగో పేరాలో మొదలైనది. మొదటి మూడు పేరాలు ఫైలుకు అవసరం లేనందున పరిశీలించలేదు.

పార్కు కావాలి అని రాస్తే అర్జీ కాదు. అది కోరిక. అక్కడ ఏమున్నదో రాయాలి. మనిషి, చెట్టు, పురుగు, పిట్ట, ఏది ఉంటే అది. ఈసారి ఎవరూ ఖాళీ అని రాయడానికి వీలు లేకుండా ఉండాలి. ఉన్నది మాత్రమే రాయండి. లేనిది ఒక్క ముక్క రాసినా నేను కలం ముట్టను. నా సర్వీసులో లేనిది ఉన్నట్టు ఎన్నడూ రాయలేదు. ఉన్నది లేనట్టు ఒక్కసారి రాసిన మాట వాస్తవం.

మూడో చెట్టు నుంచి నాలుగో చెట్టుకు ఎన్ని అడుగులో కూడా కొలిచి పంపండి.

జయలక్ష్మి గారిని అడిగినట్టు చెప్పమని నా భార్య శ్రీశైలమ్మ చెప్పినది.

భవదీయుడు
కరుణాకరం


పలకలమిట్ట,
ఫిబ్రవరి 11.

కరుణాకరం గారికి,

కొలిచాను. నలభై ఒక్క అడుగులు. జయలక్ష్మి అడుగులైతే తొంభై పైన.

ఏమున్నదో రాయమన్నారు. పదకొండేళ్ళ నుంచి రోజూ పోతున్నవాణ్ణి, నాకెందుకు తెలియదు అనుకుని కలం పట్టుకుంటే నాకూ నాలుగు చెట్లే కనిపించాయి. కోటిని తిట్టుకున్నాను గానీ చూడకుండా చెప్పడంలో నేనూ తక్కువవాణ్ణి కాదు. అందుకని వారం రోజులు పనిగట్టుకుని కూర్చుని చూశాను.

పొద్దున్నే భవాని అనే పిల్ల వస్తుంది. కానిస్టేబుల్ పరీక్షకు పరుగు నేర్చుకుంటోంది. ఇరవై రౌండ్లు తిరుగుతుంది. ఆమె వెనకాల రెండు కుక్కలు కూడా తిరుగుతాయి, వాటికి ఏ పరీక్ష ఉందో తెలియదు. తొమ్మిదికి కటింగ్ అంకయ్య రెండో కానుగ చెట్టుకు అద్దం తగిలిస్తాడు. ఆ అద్దంలో తన మొహం చూసుకుని పొడుచుకోవడానికి ఒక గోరువంక రోజూ వస్తుంది. గిరాకీ కూర్చుని ఉన్నా సరే, అది వస్తే అంకయ్య కత్తెర ఆపుతాడు. "దాని టైము ఇది, నువ్వు కొంచెం ఓర్చుకో," అంటాడు. మధ్యాహ్నం రంగమ్మ మేకలు నీడకు వస్తాయి. మేకలు లేపిన పురుగుల కోసం కొంగలు వస్తాయి. సాయంత్రం కల్యాణ మండపంలో పెళ్ళి ఉంటే, అక్కడి మైకు భరించలేక పెళ్ళివాళ్ళే మన పార్కులోకి వచ్చి మాట్లాడుకుంటారు. వియ్యాలవారి తగవులు పోయిన నెలలో రెండు మన అరుగు మీదే తీరాయి. పాలపిట్ట ఒకటి కరెంటు తీగ మీద ఉంటుంది. కౌజు పిట్టలు సర్కారు కంపలో ఉంటాయి. ఉడుతలు లెక్కకు నిలబడలేదు.

ఇంకొకటి ఉంది. దాన్ని చివరకు అట్టిపెట్టాను.

మొన్న తెల్లవారేసరికి జయలక్ష్మిని నడిపిస్తున్నాను. మూడో చెట్టు దగ్గర ఆగి, "ఏమయ్యా, ఆ పుట్ట పక్కన ఎవరో పనసకాయ పారేసి పోయినారు," అంది.

"మన ఊళ్ళో పనసకాయ ఎక్కడిదే?"

"ఎవరో కొన్నది జారిపడిందేమో. పోయి తీసుకురా, కూర చేస్తా."

పోయాను. పనసకాయ ఊపిరి తీసుకుంటోంది.

ఒళ్ళంతా పలకలే. నా దుకాణంలో పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా. తల లేదు, కాళ్ళు లేవు, గుండ్రంగా చుట్టుకుని ఉంది. మేకల్ని తోలుకొస్తున్న రంగమ్మను పిలిచాను.

"అలుగు సామీ అది. చెదలు తింటది. అడివిలోంచి వచ్చినట్టుంది. ఆ పుట్ట కింద బొక్క చూడు, అదే దాని ఇల్లు. మనిషిని చూస్తే అట్లనే చుట్టుకుంటది, అలిగినట్టు."

"ఎంతసేపు అట్లా ఉంటుంది?"

"నువ్వు పొయ్యేదాకా."

తమరు గుర్తుకు వచ్చారు.

అంకయ్యకు చెప్పలేదు. అంకయ్యకు చెప్పడం, కల్యాణ మండపం మైకులో చెప్పడం ఒకటే. తమకు మాత్రం చెప్పాను.

పుల్లారావు


దొనకొండ,
ఫిబ్రవరి 19.

పుల్లారావుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను. తమరు అనే మాట రాసుకుంటూ పోవడానికి తీరిక లేదు, అందుకని నువ్వు అంటున్నాను. దీన్ని వేరే విధంగా తీసుకోవద్దు.

ముందు ఈ మాట విను. ఆ జంతువు సంగతి మీ ఊళ్ళో నీకు, జయలక్ష్మికి, రంగమ్మకు తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. దాని పెంకులకు అడివి పక్క ఊళ్ళలో బేరగాళ్ళు తిరుగుతుంటారు. నేను యర్రగొండపాలెంలో పనిచేసినప్పుడు గోనెసంచిలో కట్టిన ఒకదాన్ని పట్టుకున్నాం. దాని పంచనామా రాసింది నేనే. చచ్చినాక కూడా చుట్టుకునే ఉంది. విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అర్జీ కింద రాస్తున్నాను. నీ చేత్తో ఎత్తి రాసి, ఎన్ని సంతకాలు వీలైతే అన్ని పెట్టించి, పంచాయతీకి, మండలాఫీసుకు, తూర్పు పక్క పొలాలకు నీళ్ళ సంగతి చూసే ఇరిగేషన్ వాళ్ళకు తలా ఒకటి ఇవ్వు.

"అయ్యా, పలకలమిట్ట పార్కు అని పిలువబడే స్థలం ఖాళీగా లేదు. సదరు స్థలంలో ప్రజలు నడుచుచున్నారు, కూర్చుండుచున్నారు, క్షవరము చేయించుకొనుచున్నారు. పక్షులు నివసించుచున్నవి. తూర్పు భాగమున అలుగు ఉన్నది. అలుగునకు హాని కలిగించుట చట్టరీత్యా నేరము. కావున సదరు స్థలంలో నిర్మాణములు అనుమతించకూడదని ప్రార్థన."

ఇంతే. నీకు కలపాలనిపిస్తుంది. కలపవద్దు. గోరువంక అద్దం కథ కలపవద్దు. పనసకాయ కలపవద్దు. అలుగు అంటే ఏమిటో వివరించవద్దు. తెలుగు వచ్చినవాళ్ళకే రాస్తున్నాం. ఒక్క అక్షరం ఎక్కువైనా నేను బాధ్యుణ్ణి కాను.

కరుణాకరం


పలకలమిట్ట,
ఏప్రిల్ 8.

కరుణాకరం,

మా ఊళ్ళో జరిగినది రాస్తాను, కూర్చుని చదువు.

అర్జీకి అరవై ఒక్క సంతకాలు వచ్చాయి. చదివినవాళ్ళు ఒక్కరు. ఆ భవాని. చివరిదాకా చదివి, "తాతా, మన ఊళ్ళో చెరువే లేదు కదా?" అంది. పరీక్షకు చదివీ చదివీ పిల్లకు మతి చలించిందనుకున్నాను. "నువ్వు పరుగు సంగతి చూసుకో తల్లీ," అన్నాను.

నిన్న నేనూ జయలక్ష్మీ నడక ముగించి మజ్జిగ చెంబుతో మూడో చెట్టు నీడన కూర్చుని ఉండగా, పదకొండు గంటలకు జీపు వచ్చింది. ఒక ఇంజనీరు దిగాడు. చిన్నవాడే. చేతిలో టేపు, వెనకాల గీతల కర్ర పట్టుకుని ఒక మనిషి. నేను అడివి ఆఫీసువాళ్ళు అనుకున్నాను.

"పుల్లారావంటే నువ్వేనా పెద్దాయనా? అలుగు ఎక్కడ, చూపించు."

చుట్టూ చూసి గొంతు తగ్గించి, "పగలు కనిపించదు సార్," అన్నాను.

"అలుగు పగలు కనిపించదా?"

"పొద్దు గూకినాకనే బయటికి వస్తది. మనుషుల్ని చూస్తే చుట్టుకుంటది."

అతను నన్ను చూసిన చూపు ఉంది చూశావూ, డాక్టరు జయలక్ష్మిని మొదటిరోజు కూడా అంత జాలిగా చూడలేదు. గీతల కర్ర మనిషితో, "ఎండ దెబ్బ తగిలినట్టుంది," అన్నాడు మెల్లగా. తర్వాత నన్ను వదిలేసి తనే చూసుకుంటూ పోయాడు. నాలుగో చెట్టు అవతల నా పలకరాళ్ళ వరస కనిపించింది. అక్కడ అంకయ్య బీడీ తాగుతున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"అదా సార్? అరుగు."

"అదే కదయ్యా గంట నుంచి అడుగుతుండేది. టేపు పట్టుకో."

కరుణాకరం, అప్పుడు వెలిగింది నాకు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోవడానికి కట్టే కట్టను కూడా అలుగే అంటారు కదా. ఆ మహానుభావుడు చెరువు అలుగు కోసం వచ్చాడు. చెరువు లేని ఊరికి. చెవుడు నీ ఒక్కడి సొత్తు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నోరు తెరవబోయాను. జయలక్ష్మి తన చేతికర్ర నా కాలి మీద ఆనించి నొక్కింది. "ఎండన పడి వచ్చినావు నాయనా, మజ్జిగ తాగి పో," అంది ఇంజనీరుతో. అతను తాగి, కొలిచి, రాసుకుని పోయాడు. 'పొడవు ముప్ఫై రెండు అడుగులు. రాతి కట్టడం. శిథిలావస్థ.' శిథిలావస్థ అన్నందుకు మాత్రం నాకు కొంచెం కష్టమనిపించింది. నేనే పేర్చినవి అవి.

ఇప్పుడు చెప్పు. తప్పు జరిగిపోయింది. పోయి సరిచేయాలా, వద్దా? నువ్వు లేనిది రాయనివాడివి. నాకు నిద్ర పట్టడం లేదు.

పుల్లారావు


దొనకొండ,
ఏప్రిల్ 15.

పుల్లారావుకు,

తప్పు జరిగిందని రాశావు. ఎక్కడ?

అర్జీలో అలుగు ఉన్నదని రాశాం. ఉన్నది. అది పగలు కనిపించదని నువ్వు చెప్పావు. కనిపించదు. అది అరుగు అని అంకయ్య చెప్పాడు. అరుగే. ముప్ఫై రెండు అడుగులని ఇంజనీరు కొలిచాడు. కొలతలో తేడా ఉందా? భవాని చెరువు లేదని అన్నది. లేదు. అందరూ నిజమే చెప్పారు. ఇంత నిజాయితీగా నడిచిన ఫైలును నా సర్వీసులో చూడలేదు.

రాయడం మన పని. చదువుకోవడం వాళ్ళ పని. నిద్రపో.

జయలక్ష్మి గారి మజ్జిగ సమయానికి వచ్చినది.

కరుణాకరం


పలకలమిట్ట,
జూన్ 20.

ఒరే కరుణాకరం,

ఇక గారూ లేదు, ఏమీ లేదు. నన్ను ముంచావు.

ముందు మంచి వార్త. కాంప్లెక్స్ పోయింది. అలుగు ఉన్నచోట దుకాణాలు కట్టరాదని మండలాఫీసు పంపిన కాగితం గ్రామసభలో కోటి చదివాడు. చదివి నా వైపు చేతులు జోడించాడు. "చెరువే లేని ఊళ్ళో అలుగు పెట్టించినావు పెదనాయనా. నేను మూడుసార్లు గెలిచినా నాకు ఇట్లాంటి ఆలోచన రాలేదు," అన్నాడు. జనం నవ్వారు. ఒక్కసారికి నేనూ నవ్వాను. మర్నాడు గేటుకు బోర్డు పెట్టారు: 'ఇది అలుగు పోరంబోకు. ఆక్రమణదారులు శిక్షార్హులు.'

ఇప్పుడు తమాషా చూడు. పార్కుగా ఉన్నప్పుడు పదేళ్ళు మొత్తుకున్నా ఒక లైటు వేయనివాళ్ళు ఇప్పుడు వేయడానికి వీల్లేదంటున్నారు, పోరంబోకు కదా అని. అంకయ్య కుర్చీ ఆక్రమణట. అద్దం ఆక్రమణ అవునో కాదో పైన అడిగి చెబుతారట. గోరువంకను ఇంకా ఎవరూ ఏమీ అనలేదు.

అది పోనీ. నిన్న ఆ ఇంజనీరే మళ్ళీ వచ్చాడు, సంతోషంగా. "పెద్దాయనా, నీ అర్జీ పుణ్యాన అలుగు మరమ్మతు శాంక్షన్ అయింది. ఆ పుట్టలన్నీ జేసీబీ పెట్టి ఎత్తేసి, పూడిక తీసి, సిమెంటుతో గట్టిగా కట్టిస్తాం," అన్నాడు.

ఆ పుట్ట కిందే దాని ఇల్లు. అలుగును బాగుచేయడానికి అలుగును చంపుతారు. మన అర్జీతో. నా సంతకంతో.

జయలక్ష్మికి చెప్పలేదు. ఆమె నిన్ననే నాలుగో చెట్టు ముట్టుకుంది. ముట్టుకుని, "ఇంక అరుగే మిగిలింది," అంది. ఆ అరుగునూ పీకేస్తారు, సిమెంటు వేస్తారు, చుట్టూ కంచె వేస్తారు. ఆమె ఎక్కడికి నడవాలి?

ఏదో ఒకటి చెయ్. చేయకపోతే ఈసారి టీ బంకు దగ్గర కాదు, దొనకొండ ప్లాట్‌ఫారం మీద నిలబడి తిడతాను. నీకు వినపడదు. ఊరందరికీ వినపడుతుంది.

పుల్లారావు


దొనకొండ,
జూన్ 27.

ఒరే పుల్లారావూ,

నలభై ఏళ్ళు రెవెన్యూలో పనిచేసినవాడికి అలుగు అంటే ఏమిటో తెలియదని ఎట్లా అనుకున్నావురా?

తెలిసే రాశాను. వివరించవద్దని చెప్పింది అందుకే. 'అలుగు అనే అడివి జంతువు' అని రాసి ఉంటే పొద్దున అర్జీ ఇస్తే మధ్యాహ్నానికి అందరి ఫోన్లలో తిరిగేది. సాయంత్రానికి గోనెసంచులు వచ్చేవి. వివరం లేకుండా రాస్తే ఆఫీసులో ఎవరికి ఏ అలుగు కావాలంటే ఆ అలుగు కనిపిస్తుంది. ఇరిగేషన్‌కు కాపీ పెట్టమన్నదీ అందుకే. అబద్ధం రాయలేదు. నిజం రాసి ఊరుకున్నాను. ఆ రెంటికీ తేడా ఉందో లేదో నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఇంకొక సంగతి కూడా నీకు చెప్పలేదు. కాంప్లెక్స్ నోటీసు సంగతి నీ ఉత్తరం కంటే ముందే నాకు తెలుసు. జయలక్ష్మి నడక కూడా తెలుసు, ఏ వారం ఏ చెట్టు దాకా పోయిందో తెలుసు. మనం అలిగి కూర్చున్న పదహారేళ్ళూ మన ఆడవాళ్ళిద్దరూ ప్రతి శుక్రవారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా చెవుడు సంగతి నీకు ఎట్లా తెలిసిందో నేను అడగలేదు చూడు. నీ ఉత్తరం వచ్చేటప్పటికే సగం అర్జీ రాసి పెట్టుకుని ఉన్నాను. అడగనిదే ఎట్లా పంపేది?

ఆ రోజు సంగతి కూడా రాస్తాను. మే నెల. జీపు రేకు కాలిపోతోంది. గేటు దగ్గర ఆగాం. లోపల ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం ఎవరుంటారు? దిగి నాలుగడుగులు వేసి ఉంటే కంపల్లో కౌజు పిట్టలైనా లేచేవి. దిగలేదు. జీపులో కూర్చునే 'ఖాళీ' అని రాశాను. ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. టీ బంకు దగ్గర నువ్వు అమ్ముడుపోయావన్నావు. అమ్ముడుపోయి ఉంటే ఒక కారణమైనా ఉండేది. ఎండగా ఉందని దిగలేదు, అంతే. అది చెప్పుకోలేక అలిగాను.

ఇప్పుడు పని సంగతి. భయపడకు. ఆ పిల్ల భవాని దారి చూపించింది. ఆ ఇంజనీరు ఆఫీసుకు, కాపీ మండలాఫీసుకు, ఈ ఒక్క ముక్క రాసి పంపు:

"అయ్యా, సదరు అలుగు ఏ చెరువునకు చెందినదో తెలియజేయ ప్రార్థన."

మరమ్మతు బిల్లులో చెరువు పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. అది నిండనిదే జేసీబీ కదలదు. ఇప్పటిదాకా ఆ గడిని ఎవరూ చూసి ఉండరు. నువ్వు అడిగితే చూస్తారు. అప్పుడు ఇంజనీరు మండలాన్ని అడుగుతాడు, మండలం సర్వేవాళ్ళను అడుగుతుంది, సర్వేవాళ్ళు పాత కర్నూలు రికార్డు అడుగుతారు. జిల్లాలు విడదీసినప్పుడు మన తాలూకా అక్కణ్ణుంచే కదా వచ్చింది. అక్కడివాళ్ళు ఒంగోలును అడగమంటారు. ఉన్న చెరువును వెతకడానికే ఏడేళ్ళు పట్టిన ఫైలు నాకు తెలుసు. లేని చెరువు అంత తొందరగా దొరకదు.

వచ్చే ఆదివారం బస్సుకు వస్తున్నాను. ఈసారి దిగుతాను.

కరుణాకరం


పలకలమిట్ట,
అక్టోబరు 14.

ఒరే కరుణా,

నువ్వు వచ్చిపోయి మూడు నెలలైంది. నీ గురించి అంకయ్య ఇంకా చెప్పుకుంటున్నాడు. "ఆ సారు గేటు దగ్గర చెప్పులు ఇడిసినాడు, గుడికి వచ్చినట్టు. పల్లేరు ముల్లు గుచ్చుకున్నాక మళ్ళా తొడుక్కున్నాడు," అని. ఆ రోజు నాలుగో చెట్టు నుంచి అరుగు దాకా జయలక్ష్మిని చేయి పట్టి నడిపించానని దొనకొండలో చెప్పుకుంటున్నావట. నేను వెనకాలే ఉన్నాను. ఆ పల్లేరు కాలితో కుంటుతున్న నిన్ను ఆమే నడిపించింది. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ఏదో మాట్లాడాం. నువ్వు వేటికో జవాబులు చెప్పావు, మేము అడిగినవాటికి మాత్రం కాదు.

నీ ఒక్క ముక్క ఉత్తరం బాగా తిరుగుతోంది. జేసీబీ రాలేదు. ఇంజనీరు ఒకసారి వచ్చి నన్నే అడిగాడు, "పెద్దాయనా, చెరువు పేరు నీకు ఏమన్నా గుర్తుందా?" అని. మా నాయన కాలంలో కూడా వినలేదని చెప్పాను. నిజమే కదా.

ఇక అసలు సంగతి. మొన్న తుఫాను వాన. మూడు రోజులు వదలలేదు. నాలుగో రోజు పొద్దున జయలక్ష్మి గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి నన్ను కేక వేసింది. పోయి చూద్దును కదా, పార్కు తూర్పు పక్క పల్లమంతా నీళ్ళు. కల్యాణ మండపం సిమెంటు మీద పడిన వానంతా ఇటే వచ్చినట్టుంది. నిండి, నా పలకరాళ్ళ వరస మీదుగా పొర్లి, అవతల పొలాల్లోకి పోతోంది. ముప్ఫై రెండు అడుగుల పొడవునా, తెల్లగా, చప్పుడు చేస్తూ. అంకయ్య, రంగమ్మ, భవాని, అందరం నిలబడి చూశాం. అలుగు పారుతోందిరా. నిజంగా పారుతోంది.

కోటి కూడా వచ్చాడు. రాళ్ళ వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశాడు. చివరకు, "నాకు ముందే చెప్పి ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణి కదా పెదనాయనా," అన్నాడు.

మన అసలు అలుగు మునిగిపోయిందేమోనని రంగమ్మను తొందరపెట్టాను. రంగమ్మ పోయి చూసి వచ్చింది. గట్టు మీద ఉన్న ఐదో పుట్ట కింద కొత్త బొక్క తవ్వుకుందట. బురదలో తోక ఈడ్చిన గీత ఉంది. ఆ గీత పక్కన ఇంకో చిన్న గీత కూడా ఉందని జయలక్ష్మి అంటోంది. నా కళ్ళద్దాలకు కనిపించలేదు. ఆమె చూపుతో పేచీ పెట్టుకోను, పనసకాయను మొదట చూసింది ఆమే. నీళ్ళలో నాలుగు నీటికోళ్ళు కూడా దిగాయి. ఎవరు చెప్పారో వాటికి.

ఈరోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. 'సదరు అలుగునకు చెందిన చెరువు కనుగొనబడలేదు. స్థానికంగా ఏదైనా చెరువు ఉన్నచో పేరు, విస్తీర్ణము వారం రోజులలో తెలియజేయవలెను.'

నీళ్ళు నా కళ్ళ ఎదుటే ఉన్నాయి. లేనిది ఉన్నట్టు రాయకూడదన్నావు. ఉన్నది లేనట్టు రాయకూడదన్నావు. ఇప్పుడు నన్ను ఏం రాయమంటావు?

నీ
పుల్లారావు


కార్డు

దొనకొండ,
అక్టోబరు 18.

ఒరే పుల్లా,

'పరిశీలనలో ఉన్నది' అని రాయి. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పరిశీలించు. జయలక్ష్మిని కూడా పరిశీలించమను. ఆదివారాలు నేను వచ్చి పరిశీలిస్తాను.

నీ
కరుణ